కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సును కొత్త కంప్యూటర్‌కు మార్చుకోవచ్చా? చూసుకునే పద్ధతి, మార్చుకునే పద్ధతి

ముందే సూటిగా చెప్పేస్తాను. మీరు కొన్నప్పుడే కంప్యూటర్‌లో విండోస్ ఎక్కించి ఉంటే, ఆ లైసెన్సు ఆ కంప్యూటర్‌దే. దాన్ని అందులోంచి విడదీసి మరో దాంట్లో వాడుకోవడానికి మైక్రోసాఫ్ట్ షరతులు ఒప్పుకోవు. విండోస్‌ను విడిగా డబ్బు పెట్టి కొనుక్కుని ఉంటే మాత్రం నిక్షేపంగా మార్చుకోవచ్చు. మీది ఈ రెంటిలో ఏదో తేల్చుకోవడమే అసలు పని. తేలాక మిగిలింది పావుగంట పని.

తేల్చుకోకుండా దిగితే ఏమవుతుందో నాకు తెలుసు. మా బావగారి పాత డెస్క్‌టాప్ పక్కన విండోస్ 7 స్టిక్కర్ ఉండేది. సగం చెరిగిపోయిన ఆ అక్షరాలను టార్చి వేసి, అద్దం పెట్టి, ఇద్దరం కలిసి చదివాం. కొత్త కంప్యూటర్‌లో కొడితే, ఈ కీ ఇప్పటికే మరో కంప్యూటర్‌లో వాడారని వచ్చింది. తప్పు చదివామేమోనని మళ్లీ మళ్లీ కొట్టాం. మేం చదవడంలో తప్పేమీ లేదు, అసలు ఆ కీ అక్కడికి రావలసింది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా అలా పోయింది. మీకు అలా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మొదటి అడుగు: అసలు మార్చాల్సిన అవసరం ఉందా?

కొత్తగా కొన్నది ల్యాప్‌టాప్ అయితే, దానికి విండోస్ ఉందని చెప్పి అమ్మితే, దాని లైసెన్సు దానికే ఉంటుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పెద్ద కంపెనీలు 25 అక్షరాల ప్రొడక్ట్ కీని స్టిక్కర్ మీద ముద్రించడం మానేసి, మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే, అంటే అందులో ఎప్పుడూ ఉండే చిన్న సాఫ్ట్‌వేర్‌లోనే రాసి పంపుతున్నాయి. ఆ చోటును ఎంఎస్‌డీఎమ్ పట్టిక అంటారు. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సెటప్ దాన్ని తనంతట తనే చదువుకుంటుంది. కీ అడగదు, విండోస్ రకాల్లో, అంటే ఎడిషన్లలో, హోమ్ కావాలా ప్రో కావాలా అని కూడా అడగదు. నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోతుంది, అంటే ఆ లైసెన్సును మైక్రోసాఫ్ట్ సర్వర్ ఒప్పుకుంటుంది. హార్డ్ డిస్క్ మార్చినా, మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించినా ఇంతే. కాబట్టి ఇలాంటి ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు పాత లైసెన్సు గురించి ఆలోచించనక్కర్లేదు. పాత ఫైళ్లు తెచ్చుకుంటే చాలు.

విడి భాగాలు కొని కంప్యూటర్ కట్టించుకున్నవాళ్లకు, విండోస్ లేకుండా చౌకగా వచ్చే ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు, హోమ్ ఉన్న కంప్యూటర్‌లో తమ పాత ప్రో వాడుకోవాలనుకునేవాళ్లకు అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

రెండో అడుగు: మీ లైసెన్సు ఏ రకమో చూడండి

ఇది పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తుండగానే చెయ్యాలి. అది పాడయ్యాక ఈ వివరం బయటికి తీయడం కష్టం.

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి టెర్మినల్ గానీ కమాండ్ ప్రాంప్ట్ గానీ తెరవండి. ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ కొట్టండి. ఒక ఖాళీ వదలండి. తర్వాత ముందుకు వాలిన గీత, అంటే స్లాష్, దాన్ని ఆనుకుని డి, ఎల్, ఐ. ఎంటర్ నొక్కండి. కొన్ని క్షణాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, కంగారు పడి మళ్లీ కొట్టకండి. ఒక చిన్న బూడిదరంగు పెట్టె తెరుచుకుంటుంది. అందులో నాలుగు వరసలు ఉంటాయి. మొదటిది ఎడిషన్ పేరు, రెండోది వివరణ, మూడోది మీ కీలోని చివరి 5 అక్షరాలు, నాలుగోది లైసెన్సు స్థితి. మనకు కావలసింది రెండో వరస చివర, ఛానల్ అన్న మాటకు ముందున్న పదం. పెట్టెను ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

అక్కడ ఓఈఎమ్ అని మొదలైతే అది కంప్యూటర్‌తో వచ్చిన లైసెన్సు. తోకలో డీఎమ్ అని ఉంటే ఫర్మ్‌వేర్‌లో ఉన్న కీ, ఎస్‌ఎల్‌పీ అని ఉంటే విండోస్ 7 కాలంలో పెద్ద కంపెనీలు ఎక్కించిన కీ, సీఓఏ అని ఉంటే స్టిక్కర్ మీది కీ. తోక ఏదైనా ఫలితం ఒకటే, అది ఆ కంప్యూటర్‌ను వదిలి రాదు.

వాల్యూమ్ అని ఉంటే అది ఏదో ఆఫీసో కాలేజో మొత్తంగా కొనుక్కున్న లైసెన్సు. దాని యజమాని ఆ సంస్థ. మీ చేతిలో ఉన్నా మీది కాదు. కొత్త కంప్యూటర్‌కు కావాలంటే ఆ సంస్థ ఐటీ వాళ్లనే అడగాలి.

రిటైల్ అని ఉంటే అది విడిగా కొన్న లైసెన్సు, మార్చుకోవచ్చన్నమాటే, కానీ ఆగండి. ఇక్కడ ఒక మడత పేచీ ఉంది, చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. 2015 జులై 29న విండోస్ 10 విడుదలైనప్పుడు, విండోస్ 7, 8.1 ఉన్నవాళ్లకు మైక్రోసాఫ్ట్ దాన్ని ఉచితంగా ఇచ్చింది. అలా ఎక్కిన కంప్యూటర్లకు విడిగా ఒక కీ రాలేదు, అందరికీ ఒకే ఉమ్మడి కీ పడింది. ఆ ఉమ్మడి కీ రిటైల్ ఛానల్‌ది. దాంతో కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ 7 నుంచి ఎక్కినా, ఆ బూడిదరంగు పెట్టె రిటైల్ అనే చూపిస్తుంది!

అందుకే మూడో వరస చూడమంటున్నాను. చివరి 5 అక్షరాలు 8హెచ్‌వీఎక్స్7 అయితే అది హోమ్‌కు వాడే ఉమ్మడి కీ. 3వి66టి అయితే ప్రోకు వాడే ఉమ్మడి కీ. లక్షల కంప్యూటర్లలో ఇవే కనిపిస్తాయి. వీటితో కొత్త కంప్యూటర్‌లో విండోస్ ఎక్కుతుంది గానీ యాక్టివేట్ కాదు. ఈ రెంటిలో ఏదో ఒకటి కనిపిస్తే, దాని వెనక ఉన్న మొదటి లైసెన్సు ఏదో గుర్తు తెచ్చుకోవాలి. పాత విండోస్ 7 మీరు డబ్బాలో కొన్నదా, కంప్యూటర్‌తో వచ్చిందా? మైక్రోసాఫ్ట్ షరతులు అడిగేది అదే. కంప్యూటర్‌తో వచ్చిన దాని నుంచి పైకి ఎక్కిన విండోస్‌కు కూడా మొదటి దాని కట్టుబాటే వర్తిస్తుంది. హోమ్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో తర్వాత డబ్బు కట్టి ప్రో చేసుకున్నా అంతే. ఆ డబ్బు పెట్టినవాళ్లకు ఇది చేదుగా ఉంటుందని తెలుసు, కానీ షరతుల్లో ఉన్నది ఇదే.

మూడో అడుగు: రిటైల్ అని తేలితే ఇలా మార్చుకోండి

ముందు పూర్తి కీ చేతిలో ఉండాలి. డబ్బాలో కొన్నది అయితే లోపలి కార్డు మీద ఉంటుంది. మైక్రోసాఫ్ట్ దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నది అయితే మీ ఖాతాలోని ఆర్డర్ల చరిత్రలోనో, కొన్నప్పుడు వచ్చిన మెయిల్‌లోనో చూడండి.

చెరిగిన అక్షరాలు చదవాల్సి వస్తే ఒక కిటుకు. విండోస్ కీలలో ఇంగ్లీషు అచ్చులైన ఎ, ఈ, ఐ, ఓ, యు ఏవీ ఉండవు. అంకెల్లో 0, 1, 5 ఉండవు. ఎల్, ఎస్, జెడ్ కూడా ఉండవు. కాబట్టి సున్నాలా కనిపించింది డి గానీ క్యూ గానీ అయి ఉంటుంది, 5 లాగా కనిపించింది 6 గానీ జి గానీ అయి ఉంటుంది. ఎక్కువగా సందేహం వచ్చేది 8కీ బికీ మధ్య. ఆ రెండూ వాడతారు, ఒకటి కాకపోతే రెండోది కొట్టి చూడండి.

తర్వాత పాత కంప్యూటర్ నుంచి కీ తీసెయ్యాలి. రిటైల్ లైసెన్సును ఒక సమయంలో ఒక్క కంప్యూటర్‌లోనే వాడాలి. టెర్మినల్‌ను ఈసారి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇందాకటి ఆదేశమే, స్లాష్ తర్వాత మాత్రం యు, పి, కె. కీ తొలగించామని పెట్టె వస్తుంది. ఆ పైన అదే ఆదేశంతో స్లాష్ తర్వాత సి, పి, కె, వై కొడితే రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, మిగిలిన కీ జాడ కూడా పోతుంది. కంప్యూటర్ ఎవరికైనా ఇచ్చేస్తుంటే ఈ రెండోది తప్పక చెయ్యండి.

ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోండి. ఈ పనితో మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు ఏ కబురూ వెళ్లదు. లైసెన్సును విడిపించు అనే బటన్ విండోస్‌లో ఎక్కడా లేదు. మీరు పాత కంప్యూటర్ నుంచి తీశారంతే. కొత్త దాంట్లో కీ కొట్టినప్పుడు సర్వర్ ఆ కీని మరో హార్డ్‌వేర్‌తో చూస్తుంది. చాలాసార్లు ఒప్పుకుంటుంది, ఒక్కోసారి మొరాయిస్తుంది.

కొత్త కంప్యూటర్‌లో అదే ఎడిషన్ ఎక్కించండి. ప్రో కీ హోమ్‌ను యాక్టివేట్ చేయదు, హోమ్ కీ ప్రోను చేయదు. విండోస్ ఇన్‌స్టాల్ చేయడానికి మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. సెటప్ కీ అడిగినప్పుడు అప్పుడే ఇవ్వొచ్చు, తర్వాత ఇస్తానని దాటేయొచ్చు. దాటేస్తే విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్, అందులో యాక్టివేషన్, అందులో చేంజ్ ప్రొడక్ట్ కీ. విండోస్ 10లో అయితే ఇదే యాక్టివేషన్ పేజీ అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. ఫర్మ్‌వేర్‌లో హోమ్ కీ ఉన్న ల్యాప్‌టాప్‌లో మీ ప్రో పెట్టాలన్నా దారి ఇదే. ముందు హోమ్‌గా ఎక్కనివ్వండి, తర్వాత ఈ పేజీలో ప్రో కీ కొట్టండి, అదే ప్రోగా మారుతుంది.

కీ ఎక్కడుందో తెలియదు గానీ పాత కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవారంటే ఇంకో దారి ఉంది. 2016 ఆగస్టులో వచ్చిన విండోస్ 10 1607 వెర్షన్ నుంచి డిజిటల్ లైసెన్సు, అంటే మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదైన లైసెన్సు, ఖాతాతో ముడిపడుతుంది. కొత్త కంప్యూటర్‌లో అదే ఖాతాతో లాగిన్ అయి, యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కండి. కాసేపు వెతికి, సరిచేయలేకపోయానని చెబుతుంది. ఆ తెరలోనే, ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను అన్న అర్థం వచ్చే లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే మీ ఖాతాలో ఉన్న కంప్యూటర్ల పేర్లు వస్తాయి. పాత దాని పేరు ఎంచుకుని యాక్టివేట్ నొక్కండి. పాత కంప్యూటర్ పేరు డెస్క్‌టాప్ తర్వాత ఏవో అక్షరాలుగా ఉంటే జాబితాలో ఏది ఏదో గుర్తుపట్టలేరు, అందుకే ముందుగానే పేరు రాసి పెట్టుకోండి. ఇలా మళ్లీ యాక్టివేట్ చేసుకోవడానికి ఒక పరిమితి ఉంది, ప్రయోగాలకు వాడుకోవద్దు.

ఒప్పుకోకపోతే

తెర మీద కనిపించే కోడ్ చూడండి, దాన్ని బట్టి జబ్బేమిటో తెలుస్తుంది. 0ఎక్స్‌సి004సి008 అంటే ఈ కీ మరో చోట వాడుకలో ఉంది. మీది రిటైల్ అని మీకు ఖాయంగా తెలిసి, పాత దాంట్లోంచి తీసేసి ఉంటే, మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌ను సంప్రదించి విషయం చెప్పండి, కొన్న రసీదు దగ్గర పెట్టుకోండి. 0ఎక్స్‌సి004ఎఫ్210 అంటే ఎడిషన్ తేడా, ఎక్కించిన విండోస్‌కూ లైసెన్సుకూ పొంతన కుదరలేదు. 0ఎక్స్‌సి004ఎఫ్213 అంటే ఈ కంప్యూటర్‌లో కీ ఏదీ దొరకలేదు. పాత డిస్క్ తెచ్చి కొత్త మదర్‌బోర్డుకు తగిలించినవాళ్లకు సాధారణంగా ఇదే ఎదురవుతుంది.

నాలుగో అడుగు: ఓఈఎమ్ అని తేలితే

ఇక్కడ ఆగిపోండి. కీని బయటికి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, లినక్స్‌లో ఆ ఎంఎస్‌డీఎమ్ పట్టికను తెరిచి చదవొచ్చు కూడా. చదివినంత మాత్రాన మీకు హక్కు రాదు. ఒకవేళ ఎవరికో పనిచేసిందని విన్నా, సర్వర్ ఆ రోజు ఒప్పుకుందంటే లైసెన్సు మారిందని కాదు.

మదర్‌బోర్డు మార్చిన వాళ్ల సంగతి విడిగా చెప్పాలి. ర్యామ్, డిస్క్, గ్రాఫిక్స్ కార్డు మార్చినా కంప్యూటర్ అదే. మదర్‌బోర్డు మారితే మాత్రం అది కొత్త కంప్యూటర్ కిందే లెక్క. బోర్డు పాడైతే, తయారీ కంపెనీయే వారంటీలో దాని బదులు వేరేది వేసి ఇచ్చినప్పుడు ఓఈఎమ్ లైసెన్సు నిలుస్తుంది. రిపేరు పూర్తయ్యి చేతికి వచ్చిన రోజే యాక్టివేషన్ పేజీ తెరిచి చూసుకోండి. యాక్టివ్ అని లేకపోతే అక్కడే అడగండి, నెల తర్వాత అడిగితే వినేవాళ్లుండరు.

యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. జర్మనీ ఫెడరల్ కోర్టు 2000 జులై 6న, ఓఈఎమ్ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ నుంచి విడిగా అమ్మకుండా మైక్రోసాఫ్ట్ అడ్డుకోలేదని తీర్పు ఇచ్చింది. 2012 జులై 3న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, వాడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అమ్మే యూజ్డ్‌సాఫ్ట్‌కూ ఒరాకిల్‌కూ మధ్య కేసులో, శాశ్వతంగా అమ్మిన సాఫ్ట్‌వేర్ కాపీని కొన్నవాళ్లు తిరిగి అమ్ముకోవచ్చని చెప్పింది, తమ దగ్గరున్న కాపీని వాడకుండా చేస్తేనే. మైక్రోసాఫ్ట్ షరతుల్లోనే జర్మనీకీ మరికొన్ని దేశాలకూ విడిగా ఒక సూచన ఉంటుంది. మీరున్న దేశం వాటిలో ఉంటే అది చదవండి.

మిగతావాళ్లకు మూడు దారులున్నాయి. రిటైల్ లైసెన్సు కొనుక్కోవడం ఒకటి, ఇకముందు ఎన్ని కంప్యూటర్లు మారినా అది మీతోనే వస్తుంది. విండోస్‌తో సహా వచ్చే కంప్యూటర్ కొనడం ఇంకొకటి. వాడకం బ్రౌజరు, మెయిలు, రాతకోతలే అయితే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ పెట్టుకోవడం మూడోది, దాని లైసెన్సుకు ఏ కంప్యూటర్‌తోనూ ముడి లేదు. మ్యాక్ వాడేవాళ్లకు ఈ తలనొప్పే రాదు. 2013లో వచ్చిన మావెరిక్స్ వెర్షన్ నుంచి మ్యాక్ సిస్టమ్ ఉచితం, కాకపోతే ఆపిల్ కంప్యూటర్లలోనే వాడాలి.

అతి చౌకగా ఆన్‌లైన్‌లో దొరికే కీల జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెబుతాను. వాటిలో చాలావరకు ఏదో సంస్థ వాల్యూమ్ కీలో, ఎక్కడో పాత కంప్యూటర్ల నుంచి పీకిన ఓఈఎమ్ కీలో. ఆ రోజు యాక్టివేట్ అవుతుంది, ఆ కీని మైక్రోసాఫ్ట్ నిలిపేసిన రోజు మీదీ ఆగుతుంది. డబ్బు తక్కువగా ఉంటే కొన్నాళ్లు యాక్టివేట్ చేయకుండానే వాడండి. తెర మూలన యాక్టివేట్ చేయమనే మసక అక్షరాల గుర్తు (వాటర్‌మార్క్) ఉంటుంది, వాల్‌పేపరు, రంగులు సెట్టింగ్స్‌లో మార్చుకోలేరు, మిగతా పనులు సాగుతాయి. ఇది కూడా షరతుల ప్రకారం సరైన వాడకం కాదు, లైసెన్సు కొనేదాకా గడిచేందుకు మాత్రమే.

ఐదో అడుగు: లైసెన్సు రాకపోయినా రావలసినవి

డిస్క్ తీసి కొత్త దాంట్లో తగిలించాలనుకుంటే ముందు బిట్‌లాకర్ సంగతి, అంటే డిస్క్‌లోని సమాచారానికి విండోస్ వేసే తాళం సంగతి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఆ తాళం మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. అలాంటి డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించగానే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ అంకెలు లేకపోతే ఫొటోలు, కాగితాలు అన్నీ తాళం వేసిన పెట్టెలో ఉండిపోయినట్టే, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యి ఉంటే ఆ కీ సాధారణంగా మీ ఖాతాలో భద్రమై ఉంటుంది. పాత కంప్యూటర్ పనిచేస్తుండగానే ఖాతాలోకి వెళ్లి చూసి, కాగితం మీద రాసుకోండి. ఇంకా మంచిది, ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసేసుకోవడం. డిస్క్ విప్పే పనే ఉండదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. అంటే రిటైల్ విండోస్ 10 కీ చేతిలో ఉన్నా, కొత్త కంప్యూటర్‌లో నేరుగా విండోస్ 11 ఎక్కించి ఆ కీ వాడుకోవడం మేలు, అదే ఎడిషన్ అయితే పనిచేస్తుంది. విండోస్ 7, 8 కీలతో కొత్తగా యాక్టివేట్ చేసే దారిని మాత్రం 2023 సెప్టెంబరులో మూసేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. డబ్బాలో కొన్న పాత విండోస్ 7 మీద ఆశ పెట్టుకుని కొత్త భాగాలు కొనకండి.

చివరిగా పాత కంప్యూటర్ ఎవరికైనా ఇస్తుంటే, ఓఈఎమ్ లైసెన్సు దానితోనే వెళ్లాలి. సెట్టింగ్స్‌లో రీసెట్ దిస్ పీసీ ఎంచుకుని, అన్నీ తీసెయ్యి అన్న దారిలో వెళ్లి, డిస్క్ శుభ్రం చేసే ఆప్షన్ కూడా పెట్టండి. మీ ఖాతాలోని కంప్యూటర్ల జాబితాలోంచి దాని పేరు తొలగించండి. పక్కన పాత స్టిక్కర్ ఉంటే పీకకండి, షరతుల ప్రకారం అది కూడా కంప్యూటర్‌తో పాటు తీసుకునేవాళ్లకే చెందుతుంది.